క్రూయిజ్ ఓడ రేవులో ఆగిన పూట సొంతంగా స్కూబా డైవింగ్: ఏర్పాట్ల నుంచి తిరిగి ఓడెక్కేదాకా

క్రూయిజ్ ఓడ ఒక రేవులో ఆగేది ఎనిమిది గంటలో, తొమ్మిది గంటలో. ఆ వ్యవధిలో ఓడ వాళ్లు అమ్మే టూరులో కాకుండా ఊళ్లోని డైవ్ షాపుతో నేరుగా మాట్లాడుకుంటే లాభాలు చాలానే ఉన్నాయి. చిన్న పడవ దొరుకుతుంది, గుంపులో ఆరుగురో ఎనిమిది మందో ఉంటారు, మీ అనుభవానికి తగిన చోటు అడిగి వెళ్లొచ్చు. అయితే రెండు విషయాలు ముందే మనసులో పెట్టుకోవాలి. ఓడ వాళ్ల టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు. రెండోది, డైవ్‌లో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ మీతోపాటే ఓడెక్కుతుంది. అది బుడగలై ఇబ్బంది పెడితే, ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది, అంటే రీకంప్రెషన్ ఛాంబర్, రేవు ఊళ్లో ఉండొచ్చు గానీ ప్రయాణికుల ఓడల్లో ఉండదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటిని దృష్టిలో పెట్టుకుని చెప్పిందే.

ఇదంతా ఇప్పటికే సర్టిఫికెట్ ఉన్న డైవర్ల కోసం. మొదటిసారి నీళ్లలోకి దిగేవాళ్లకు రేవు పూట మంచి పాఠశాల కాదు.

1. ముందు రేవుని చూడండి, తర్వాత డైవ్‌ని

అన్ని రేవులూ ఒకటి కావు. ఓడ నేరుగా గట్టుకు ఆనుకునే చోట గేంగ్‌వే (ఓడ దిగే దారి) తెరవగానే నడిచి దిగిపోవచ్చు. మెక్సికోలోని కోజుమెల్ ఇలాంటిదే. ఓడ సముద్రంలోనే లంగరు వేసి, ప్రయాణికుల్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే చోట్లను టెండర్ పోర్టులంటారు. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్, బెలీజ్ సిటీ అలాంటివి. టెండర్ దగ్గర మొదటి పడవలు సాధారణంగా ఓడ టూర్లు కొన్నవాళ్లకే ఇస్తారు. సొంతంగా వెళ్లేవాళ్లు టోకెన్ తీసుకుని వరుసలో ఉండాలి. దిగడానికి గంట, తిరిగి ఎక్కడానికి ఇంకో గంట పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి టెండర్ పోర్టులో రెండు సిలిండర్ల డైవ్ (రెండుసార్లు దిగడం) ఆశ పెట్టుకునే ముందు ఓడ ఎంతసేపు ఆగుతుందో చూడండి.

రేవు చోటే మారిపోవడం కూడా జరుగుతుంది. గ్రాండ్ కేమన్‌లో పడమటి వైపు అలలు ఎక్కువగా ఉంటే ఓడలు దక్షిణాన ఉన్న స్పాట్స్ ల్యాండింగ్ దగ్గర జనాన్ని దింపుతాయి. జార్జ్‌టౌన్‌లో షాపు మాట్లాడుకున్నవాళ్లు అక్కణ్నుంచి టాక్సీలో రావాలి. కోజుమెల్‌లో మూడు క్రూయిజ్ గట్లున్నాయి. పుంటా లంగోస్తా ఊరి మధ్యలో ఉంటే, మిగతా రెండూ ఊరికి దక్షిణంగా ఉంటాయి. ఏ గట్టు ఇచ్చారన్నది ఆఖరు నిమిషంలో మారొచ్చు. షాపు వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘ఫలానా గట్టు అయితే ఎక్కడ కలవాలి, మారితే ఎక్కడ కలవాలి’ అని రెండూ అడిగి రాసుకోండి.

కరీబియన్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన బొనైర్ దీవిది వేరే పద్ధతి. అక్కడ ఒడ్డునుంచే నడిచి నీళ్లలోకి దిగొచ్చు. డైవ్ చోట్లను రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్లతో గుర్తుపెట్టి ఉంచుతారు. వినడానికి ఇది క్రూయిజ్ డైవర్ కోసమే ఉన్నట్టుంటుంది. కానీ మెరైన్ పార్క్ రుసుము కట్టాలి, నియమాలు వినాలి, మొదటగా ఒక చెకౌట్ డైవ్ (నైపుణ్యం, సామాను సరిచూసుకునే డైవ్) చేయాలి. ఆ తర్వాతే సొంతంగా తిరగనిస్తారు. ఒక్క పూట మాత్రమే ఉన్నవాళ్లు షాపు ముందున్న రీఫ్‌లోనే ఒక మంచి డైవ్ చేసుకుని తృప్తిపడడం మేలు. కారు అద్దెకు తీసుకుని దీవి చివర దాకా వెళ్లే ఆలోచన ఆ పూటకు వద్దు.

2. గడియారాన్ని వెనక్కి తిప్పి లెక్క వేయండి

ఎక్కువమంది ఉదయం నుంచి మొదలుపెట్టి లెక్క వేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. సాయంత్రం నుంచి వెనక్కి రావాలి.

ఓడ సాయంత్రం 5 గంటలకు బయల్దేరుతుందనుకుందాం. ‘అందరూ ఎక్కాల్సిన సమయం’ దానికి అరగంట ముందు, అంటే 4:30. కొన్ని ఓడల్లో గంట ముందు కూడా ఉంటుంది. ఓడలో ఇచ్చే ఆ రోజు కార్యక్రమాల కాగితంలో చూసుకోండి. దాన్నుంచి గంటన్నర తీసేయండి. ఆ గంటన్నర పడవ ఇంజన్ మొరాయించడానికి, టాక్సీ దొరక్కపోవడానికి, గేటు దగ్గర వరుసకి. అంటే 3 గంటలకు గట్టు గేటు దగ్గరుండాలి. టాక్సీకి అరగంట పోతే 2:30కి షాపులోంచి కదలాలి. అద్దె సామాను అప్పగించి, ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకోవడానికి అరగంట. కాబట్టి 2 గంటలకల్లా పడవ ఒడ్డు చేరాలి. రెండు సిలిండర్ల ట్రిప్పుకు వెళ్లిరావడం, రెండు డైవ్‌లు, మధ్యలో గంట విరామం కలిపి నాలుగు గంటలు వేసుకోండి. అంటే పడవ 10 గంటలకు కదలాలి. షాపులో సంతకాలు, సామాను కొలతలు ముప్పావు గంట, టాక్సీ అరగంట. 8:45కి మీరు ఓడ దిగి ఉండాలి.

ఓడ 8 గంటలకు గట్టు చేరితే, అధికారుల అనుమతి వచ్చి గేంగ్‌వే తెరిచేసరికి అరగంట అయినా అవుతుంది. ఎక్కడా ఇబ్బంది రాకపోతే సరిగ్గా సరిపోతుంది. అదే టెండర్ పోర్టు అయితే సరిపోదు. అప్పుడు ఒక్క సిలిండర్ డైవ్‌తో సరిపెట్టుకోండి. జాగ్రత్త కోసం పక్కన పెట్టిన గంటన్నరని తినేసి రెండో డైవ్ చేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి.

ఇక సమయం విషయంలోనే ఇంకో చిక్కు. ఓడ గడియారమూ ఊరి గడియారమూ ఒకటి కాకపోవచ్చు. కోజుమెల్ ఉన్న కింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే సమయం పాటిస్తోంది. వేసవిలో ఫ్లోరిడా నుంచి వచ్చే ఓడ తన గడియారం మార్చుకోకపోతే, ఓడలో 4:30 అయినప్పుడు ఊళ్లో 3:30 అవుతుంది. మీ ఫోన్ ఊళ్లోని టవర్‌ని పట్టుకుని తనంతట తానే గంట వెనక్కి మారిపోతుంది. అందుకే ఫోన్‌లో ఆటోమేటిక్ సమయం ఆపేసి, చేతి గడియారం, డైవ్ కంప్యూటర్ (నీళ్లలో ఇంకా ఎంతసేపు ఉండొచ్చో లెక్కగట్టే పరికరం) రెండింటినీ ఓడ సమయానికే పెట్టండి. షాపుకు మెసేజ్ పెట్టేటప్పుడు ‘ఊరి సమయం ఇంత, ఓడ సమయం ఇంత’ అని రెండూ రాయండి.

3. షాపుతో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి

బుకింగ్‌కు ముందు ఓడ పేరు, తేదీ, వచ్చే సమయం, అందరూ ఎక్కాల్సిన సమయం రాసి పంపండి. క్రూయిజ్ ప్రయాణికుల్ని తరచూ తీసుకెళ్లే షాపు అయితే వెంటనే ‘ఆ ఓడకు ఈ పడవ సరిపోతుంది’ అని చెప్పేస్తుంది. జవాబు తడబాటుగా ఉంటే ఇంకో షాపు చూసుకోండి.

ఓడ ఆ రేవుకు రాకపోతే డబ్బు తిరిగిస్తారా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. గాలి ఎక్కువగా ఉంటే కెప్టెన్ రేవును పూర్తిగా వదిలేయొచ్చు. దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. ఓడ చక్కగా గట్టుకొస్తుంది గానీ, రేవు అధికారి చిన్న పడవలు కదలకూడదని ఆంక్ష పెడతాడు. చలికాలంలో ఉత్తరపు గాలులు వీచేటప్పుడు కోజుమెల్‌లో ఇలా అవుతుంటుంది. రెండు సందర్భాలకీ వాపసు మాట రాతలో తీసుకోండి. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో వెళ్తుంటే ఇది ఇంకా అవసరం.

తర్వాత గుంపులో ఎంతమంది, పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా, అద్దెలో కంప్యూటర్ కూడా ఇస్తారా, సిలిండర్ వాల్వ్ యోక్ రకమా (పైనుంచి పట్టీలా బిగించేది) డిన్ రకమా (మరతో బిగించేది) అని అడగండి. కరీబియన్‌లో యోక్ ఎక్కువ, యూరప్‌లో డిన్ ఎక్కువ. సొంత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం) తీసుకెళ్లేవాళ్లు తగిన అడాప్టర్ మర్చిపోతే అక్కడ అద్దెది వాడాల్సిందే.

4. కాగితాలు

షాపుల్లో ఇచ్చే ఆరోగ్య ప్రశ్నపత్రం దగ్గరే చాలామంది డైవ్ ఆగిపోతుంది. 2020లో సవరించిన ఫారంలో మొదట పది ప్రశ్నలుంటాయి. ఆస్తమా, గుండె, ఊపిరితిత్తులు, ఈమధ్య జరిగిన ఆపరేషన్ లాంటివి అడుగుతారు. జవాబుల్ని బట్టి డాక్టర్ సంతకం కావాల్సి వస్తే, అది లేకుండా మంచి షాపు ఏదీ మిమ్మల్ని దింపదు. ఉదయం 9 గంటలకు రేవులో డాక్టర్‌ని వెతుక్కునే పని లేకుండా, ఆ ఫారం ముందే తెప్పించుకుని ఇంటి దగ్గరే డాక్టర్‌కి చూపించండి. పడవ దొరకడం కోసం ‘లేదు’ అని అబద్ధం రాయడం మీ ప్రాణంతో బేరమాడడమే.

సర్టిఫికెట్ కార్డు ఫోన్ యాప్‌లో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గట్టు మీద నెట్ ఉంటుందని నమ్మకం లేదు. చివరి డైవ్ చేసి ఆరు నెలలు దాటితే, ప్రయాణానికి ముందే ఈతకొలనులో ఒక రిఫ్రెషర్ చేయండి. ఆ పని రేవులో పెట్టుకుంటే ఉన్న ఒక్క పూటా దానికే పోతుంది.

మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి స్కూబా పట్టదు. పాలసీలో ‘స్కూబా’, ‘లోతు పరిమితి’, ‘రీకంప్రెషన్ ఛాంబర్’ అన్న మాటలు వెతకండి. లేకపోతే డైవింగ్ బీమా వేరుగా తీసుకోండి. 1980లో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డాన్ అని పిలిచేది, ఇందులో పేరున్న సంస్థ.

5. ఏం మోసుకెళ్లాలి

సూట్‌కేసులో చోటు తక్కువ కాబట్టి ఇదీ వరుస: మాస్క్, కంప్యూటర్, ఆ తర్వాత చోటుంటే రెగ్యులేటర్. కాలి రెక్కలు, బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్), వెట్‌సూట్ అద్దెకు తీసుకున్నా ఫర్వాలేదు.

మాస్క్ సొంతది ఎందుకంటే ముఖానికి సరిపోని మాస్క్ డైవ్ అంతా నీళ్లు కారుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ సొంతది ఎందుకన్నదానికి ఇంకా గట్టి కారణం ఉంది. మంగళవారం ఒక రేవులో, బుధవారం ఇంకో రేవులో డైవ్ చేస్తే, రెండో షాపు ఇచ్చే అద్దె కంప్యూటర్‌కి మీ నిన్నటి డైవ్‌లు తెలియవు. మీరు అసలు నీళ్లే చూడనట్టు లెక్క చెబుతుంది. అదే కారణంతో భార్యాభర్తలైనా సరే కంప్యూటర్లు మార్చుకోకూడదు.

ఓడ నియమాలు ముందే చదవండి. డైవింగ్ కత్తి, హార్పూన్ తుపాకీ ఓడలోకి రానివ్వరు. గాలి నింపిన సిలిండర్ల సంగతీ అంతే. కోజుమెల్ మెరైన్ పార్కులో కత్తి, చేతి తొడుగులు ఎలాగూ నిషేధం. టార్చి లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి.

6. ముందు రోజు

మద్యం వద్దు, నీళ్లు బాగా తాగండి, పెందలాడే పడుకోండి. పడవ కడుపులో తిప్పే రకమైతే మాత్ర రాత్రే మొదలుపెట్టాలి. కాకపోతే ఆ మందు మీకు మత్తు తెస్తుందో లేదో ప్రయాణానికి ముందే ఒడ్డున వాడి చూసుకుని ఉండాలి. నీళ్లలో మొదటిసారి మత్తు తెలిసిరావడం మంచిది కాదు.

ఓడల్లో జలుబు తేలిగ్గా అంటుకుంటుంది. ముక్కు బిగదీసుకుపోతే ఆ రోజు డైవ్ మానేయండి. జలుబు మందు వేసుకుని దిగితే కిందికి బాగానే వెళ్తారు. లోపలుండగా మందు ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు చెవిలో, నుదుటి దగ్గర గాలి బయటికి రాలేక నొప్పి పుడుతుంది. అప్పుడు కిందా ఉండలేరు, పైకీ రాలేరు.

7. అద్దె సామాను మీ చేత్తో మీరే చూసుకోండి

పడవ కదలకముందే పది నిమిషాలు అడిగి తీసుకోండి. వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లుని చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగు గట్టి శ్వాసలు తీయండి. ముల్లు కదలకుండా నిలబడాలి. శ్వాస తీసినప్పుడల్లా కిందికి పడి మళ్లీ పైకొస్తుంటే వాల్వ్ కొంచెమే తెరిచి ఉంది. పడిపోయి అక్కడే ఉండిపోతే వాల్వ్ మూసే ఉంది, మీరు పీల్చింది గొట్టంలో మిగిలిన గాలి. పైన నిలబడి ఉన్నప్పుడు కొంచెం తెరిచిన వాల్వ్ తేడా తెలియనివ్వదు. 20 మీటర్ల లోతులో అదే గాలి చాలదు. గాలికి నూనె వాసనో, పొగ వాసనో ఉంటే ఆ సిలిండర్ పక్కన పెట్టించండి.

బీసీడీని నిండా ఊది, ఐదు నిమిషాలు వదిలేసి మెత్తబడిందేమో చూడండి. గాలి నింపే మీట నొక్కి వదిలితే వెంటనే ఆగాలి. అతుక్కునే మీట మిమ్మల్ని అదుపు తప్పించి పైకి లేపేస్తుంది. నోట్లో పెట్టుకునే రబ్బరును లాగి చూడండి. దాన్ని పట్టి ఉంచే పట్టీ తెగి ఉంటే నీళ్లలో రబ్బరు నోట్లోనే ఉండిపోయి, రెగ్యులేటర్ చేతికొస్తుంది.

అమెరికా లెక్కలు వాడే చోట గేజ్ పీఎస్‌ఐలో (బార్ లాగే ఒత్తిడి కొలత) ఉంటుంది. 3000 అంటే దాదాపు 207 బార్, 1000 అంటే 69, 500 అంటే 34. బార్‌కి అలవాటుపడిన డైవర్ ‘500 మిగిలింది’ అని ధీమాగా ఉండకూడదు. అది ఎప్పుడో పైకొచ్చేసి ఉండాల్సిన అంకె.

బరువులు ఊహించి వేసుకోకండి. మీ లాగ్ బుక్‌లో ఇదే మందం సూట్‌తో ఉప్పునీళ్లలో ఎంత వాడారో చూడండి. కరీబియన్‌లో ఎక్కువగా ఇచ్చే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ డైవ్ చివరికి సుమారు 2 కిలోలు తేలికవుతుంది. మొదట్లో సరిగ్గా ఉన్న బరువు, చివర 5 మీటర్ల దగ్గర ఆగాల్సిన సమయానికి చాలకపోవచ్చు.

8. నీళ్లలో

క్రూయిజ్ డైవ్‌ని మామూలు కన్నా ఒక మెట్టు తగ్గించి చేయండి. మొదటి స్థాయి సర్టిఫికెట్ అయిన ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవాళ్లకు 18 మీటర్లు సిఫారసు చేసిన హద్దు. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం ఆ లోతులో మొదటి డైవ్‌కి డికంప్రెషన్ (నైట్రోజన్ వదిలించుకోవడానికి దారిలో తప్పనిసరిగా ఆగడం) లేకుండా ఉండగలిగేది 56 నిమిషాలు, 30 మీటర్లలో 20 నిమిషాలే. కంప్యూటర్ ఇచ్చిన నిమిషాలన్నీ వాడేయకుండా, కనీసం ఐదారు నిమిషాలు మిగిలుండగానే లోతు తగ్గించండి. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రండి. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. గాలి ఉంటే ఐదు ఆగినా నష్టం లేదు. లోతైన డైవ్ మొదట, తక్కువ లోతుది తర్వాత.

నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) కార్డు ఉంటే ఇలాంటి పూటకి అది చక్కగా అక్కరకొస్తుంది. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమం వాడి, సమయం మాత్రం మామూలు గాలి పట్టిక ప్రకారమే ఉంటే ఒంట్లో చేరే నైట్రోజన్ తగ్గుతుంది. ఆ మిశ్రమంతో 33 మీటర్లు దాటకూడదు. సిలిండర్‌లో శాతం ఎంతుందో మీరే కొలిచి చూసుకోండి.

కోజుమెల్‌లో ప్రవాహంతో కొట్టుకుపోతూ చేసే డైవ్‌లు ఎక్కువ. పడవ మీ వెంటే పైన వస్తుంది. ప్రవాహానికి ఎదురీదకండి, ఫొటో కోసం వెనకబడకండి. 100 బార్ దగ్గర, మళ్లీ 70 బార్ దగ్గర డైవ్ మాస్టర్‌కి సైగ చేయండి. గుంపు కనబడకపోతే ఒక్క నిమిషం వెతికి, మెల్లగా పైకొచ్చి, గాలి నింపే సిగ్నల్ గొట్టం ఎగరేయండి. ఆ గొట్టం ప్రతి డైవర్ దగ్గరా విడిగా ఉండాలి.

ఒడ్డునుంచి సొంతంగా దిగేవాళ్లకు ఒక్కమాట: ఓడలు ఆగే గట్టు చుట్టుపక్కల ఎంత అందంగా కనబడినా దిగకండి. పెద్ద ఓడను పక్కకి తోసే ప్రొపెల్లర్లు ఎప్పుడు తిరుగుతాయో నీళ్లలోంచి తెలియదు.

9. ఒడ్డు చేరాక

రెండో డైవ్ ముగిసిన సమయం రాసుకోండి. విమానం లెక్కకి అదే మొదలు. డాన్ సూచన ప్రకారం డికంప్రెషన్ అవసరం లేని ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు గానీ వరుస రోజుల డైవ్‌లు గానీ అయితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. హెలికాప్టర్ టూరుకి, కొండెక్కే టూరుకి కూడా ఇదే వర్తిస్తుంది. హవాయిలోని మావి దీవిలో ఉదయం డైవ్ చేసి, మధ్యాహ్నం 3055 మీటర్ల ఎత్తున్న హలేయాకలా శిఖరానికి కారులో వెళ్తే ఒంటికి అది విమానమెక్కినట్టే.

ఓడ తప్పిపోతే ఏం చేయాలన్నది ఉదయమే సిద్ధం చేసుకోండి. ఆ రోజు కాగితంలో రేవు ఏజెంట్ (రేవులో ఓడ తరఫున పనులు చూసే మనిషి) ఫోన్ నంబర్ ఉంటుంది. ఫొటో తీసుకోండి. పాస్‌పోర్ట్ ఒరిజినల్, ఒక బ్యాంక్ కార్డు నీళ్లు చొరని సంచిలో పెట్టి షాపు లాకర్‌లో ఉంచండి. తర్వాతి రేవుకు విమానం ఖర్చు మీదే, అక్కడికి వీసా కావాలంటే అదీ మీరే చూసుకోవాలి. ఆలస్యమయ్యేలా ఉంటే పడవలోంచే ఏజెంట్‌కి ఫోన్ చేయండి. గేటు దాకా వచ్చి చేద్దామని ఆగకండి.

ఓడెక్కాక వేడినీళ్ల తొట్టి, వ్యాయామశాల, మసాజ్ ఆ సాయంత్రానికి మానుకోండి. వేడి, శ్రమ నైట్రోజన్ బుడగల్ని పెంచగలవు. మసాజ్ తర్వాత వచ్చే కండరాల నొప్పిని, కీళ్ల నొప్పిని వేరుచేసి చెప్పడం డాక్టర్‌కే కష్టం. రెగ్యులేటర్‌ని షవర్ కింద కడిగేటప్పుడు దుమ్ము మూత తుడిచి బిగించండి, నోటి దగ్గరి మీట నొక్కకండి. నొక్కితే నీళ్లు గొట్టం ద్వారా లోపలికి వెళ్తాయి. బాల్కనీ రెయిలింగ్ మీద ఏదీ ఆరేయకండి. గాలికి ఎగిరిపోతుంది, ఓడ వాళ్లూ ఒప్పుకోరు.

ఇక రాత్రి జాగ్రత్త. భుజంలో, మోకాల్లో లోతైన నొప్పి, చర్మం మీద మచ్చలు, చేతులూ కాళ్లూ తిమ్మిరి, మామూలుకి మించిన నీరసం, నడక తూలడం లాంటివి డైవ్ తర్వాత కొన్ని నిమిషాల్లోనైనా, గంటల తర్వాతైనా మొదలవ్వొచ్చు. ఓడ ఊగుతోంది కాబట్టి తూలుతున్నాననీ, సిలిండర్ మోశాను కాబట్టి భుజం లాగుతోందనీ సర్దిచెప్పుకోవడం వల్లే విలువైన గంటలు పోతాయి. వెంటనే ఓడ వైద్య కేంద్రానికి వెళ్లి ‘ఇవాళ డైవ్ చేశాను’ అని మొదటి మాటగా చెప్పండి. నూరు శాతం ఆక్సిజన్ పెట్టమని అడగండి. కంప్యూటర్‌ని వెంట తీసుకెళ్తే లోతు, నిమిషాలు అందులోనే ఉంటాయి. డాన్ అత్యవసర ఫోన్ +1 919 684 9111. ఓడ డాక్టర్‌ని వాళ్లతో మాట్లాడమనండి. దగ్గర్లో పనిచేస్తున్న ఛాంబర్ ఎక్కడుందో కనుక్కోవడంలో వాళ్లు సాయపడతారు. డాక్టర్ చూసి చెప్పేదాకా మర్నాడు రేవులో బుక్ చేసుకున్న డైవ్ మాట ఎత్తకండి.